పెన్సిల్వేనియా గవర్నర్ దుకాణాలు మూయించిన వార్తలను అక్కడి మీడియా సరిగా రాసిందా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా అక్క, బావగారు అమెరికాలోని పిట్స్‌బర్గ్ శివారులో చీరలు, పిల్లల బట్టలు అమ్మే చిన్న దుకాణం నడుపుతున్నారు. కోవిడ్ వ్యాపిస్తున్న రోజుల్లో, 2020 మార్చి 19న పెన్సిల్వేనియా గవర్నర్ టామ్ వోల్ఫ్ ప్రాణాధారం కాని వ్యాపారాలన్నీ మూసివేయాలని ఉత్తర్వు ఇచ్చిన రాత్రే వాళ్లు షట్టరు దించారు. కౌంటీలను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుగా విభజించి ఆంక్షలు సడలిస్తూ వచ్చినప్పుడు, మే 15న వాళ్ల కౌంటీకి పసుపు రంగు వచ్చాకే మళ్లీ తెరిచారు. అప్పటికి ఎనిమిది వారాలు గడిచాయి, ఉగాది బేరం పూర్తిగా పోయింది.

అక్కడి గవర్నర్ మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ వంటివారు కారని ముందే చెప్పాలి. ఆయనను ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రికి ఉండే అధికారం ఆయన చేతిలో ఉంటుంది. తెలుగు ఛానళ్లు ఏ వివరణా లేకుండా ‘గవర్నర్ ఆదేశం’ అని చదవడంతో, ఆ ఉత్తర్వు కేంద్ర ప్రభుత్వం తరఫున వచ్చిందని మా నాన్నగారు చాలా రోజులు నమ్మారు.

నన్ను ఈ ప్రశ్న అడిగేలా చేసిన సంగతి వేరే ఉంది. ఆ ఏప్రిల్ చివర్లో ఒక స్థానిక ఛానల్ వాళ్లు మా అక్కతో దాదాపు నలభై నిమిషాలు మాట్లాడారు. మూసివేత అవసరమేనని, తన దుకాణంలో అమ్మే పిల్లల బట్టలే రోడ్డుకు అవతలి పెద్ద దుకాణంలో కిరాణా పక్కన అమ్ముతున్నప్పుడు తనది మాత్రమే ఎందుకు మూయాలో ఎవరైనా చెప్పాలని, మినహాయింపు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తును ఏ ప్రమాణంతో పరిశీలిస్తారో తెలియడం లేదని ఆమె నిదానంగా చెప్పింది. ప్రసారమైన కథనంలో ఆమె బైట్, అంటే ఆమె మాట్లాడిన తునక, కొన్ని సెకన్లే ఉంది. ‘మా బతుకు ఏమవుతుందో తెలియడం లేదు’ అన్న వాక్యం ఒక్కటి తీసుకుని, దానికి ముందూ వెనుకా ఏప్రిల్ 20న రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో చట్టసభ భవనం ఎదుట జరిగిన నిరసన విజువల్స్ పెట్టారు. రోజంతా మాస్కుతో ఉండే మనిషి, ఎన్నడూ ఏ ఊరేగింపుకూ వెళ్లని మనిషి, ఆ సాయంత్రానికి ఆంక్షల వ్యతిరేకుల జాబితాలో చేరిపోయింది. పెన్‌హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే తెలిసినవాళ్లు కూడా ఫోన్ చేసి, ‘మీరు అటువైపు ఉన్నారని అనుకోలేదు’ అన్నారట.

ఆ తర్వాత ఆనాటి వార్తలను వెనక్కి వెళ్లి చాలా చదివాను. కొన్ని చోట్ల గవర్నర్ జీవనోపాధిని తొక్కేసిన నియంతగా కనిపించారు, మరికొన్ని చోట్ల ప్రాణాలు కాపాడిన నాయకుడుగా కనిపించారు. మా అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రెండు రకాల్లోనూ అరుదుగానే దొరికింది. ఇది పక్షపాతమా, తొందరపాటా, వృత్తిలోనే ఉన్న మరేదైనా లోపమా? పత్రికారంగంలో పనిచేసినవారు, వ్యాపారంలో ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.


జవాబు: విశ్రాంత సబ్‌ఎడిటర్, సీతమ్మధార

అమ్మా, మీ అక్కగారికి జరిగినది చదివి బాధ కలిగింది. నేను ఒక దినపత్రిక విశాఖ డెస్కులో చాలా సంవత్సరాలు పనిచేశాను, ఇటువంటి కత్తిరింపు నా చేతుల మీదుగా కూడా జరిగి ఉంటుందని ఒప్పుకుంటూనే జవాబిస్తున్నాను.

మీరు అడిగిన మూడింటిలో నేను వృత్తిలోపం వైపే మొగ్గుతాను. దుకాణాల మూసివేత ప్రధానంగా కాగితం మీది వార్త. వోల్ఫ్ ఉత్తర్వుకు ఒక పట్టిక జతచేశారు. అందులో పరిశ్రమలను రకాలవారీగా వరుసలుగా రాసి, ఒక్కొక్క వరుసకు ఎదురుగా భౌతికంగా నడపవచ్చా అన్నదానికి అవును లేదా కాదు అని పెట్టారు. ఆ పట్టికను తర్వాత పలుమార్లు సవరించారు. చాలా రాష్ట్రాలు ‘ఎసెన్షియల్’ అనే మాట వాడితే, పెన్సిల్వేనియా ‘లైఫ్ సస్టెయినింగ్’ అనే మాట ఎంచుకుంది. ప్రాణాధారం అనే మాటకు ఎవరు ఏ నిర్వచనం ఇచ్చారు, ఏ వరుస ఏ కారణంతో కాదు నుంచి అవునుకు మారింది, భవన నిర్మాణ పనులను చాలా రాష్ట్రాలు సాగనిస్తుండగా ఈ రాష్ట్రం మే 1 వరకు ఎందుకు ఆపింది అన్నవి మొదటి వారంలోనే మొదటి పేజీలో నిలబడవలసిన ప్రశ్నలు. అవి అడగాలంటే విలేఖరి పట్టిక ముందు గంటల తరబడి కూర్చోవాలి. నిరసన దగ్గరికి కెమెరా పంపితే మాత్రం పది నిమిషాల్లో కథనం తయారవుతుంది, చూసేవారూ ఎక్కువే. మీ అక్కగారి బైట్ ఆ రెండో దారిలో నలిగిపోయింది.

మినహాయింపుల వ్యవహారం ఇంకా లోతైనది. రాష్ట్ర ఆర్థికాభివృద్ధి శాఖకు 42,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి, ఏప్రిల్ 3తో తీసుకోవడం ఆపేశారు. ఎవరికి మినహాయింపు ఇచ్చారో ఆ పేర్ల జాబితా మే నెలలో గాని బయటికి రాలేదు, అదీ విలేఖరులు పదేపదే అడిగి, రాష్ట్ర సెనేట్ కమిటీ ఒకటి సమన్లు పంపిన తర్వాత. గవర్నర్ ఒకప్పుడు స్వయంగా నడిపిన కిచెన్ క్యాబినెట్ల సంస్థకు మినహాయింపు దక్కి, తర్వాత రద్దయిన వార్తను అందరూ రాశారు. అది రాయవలసిన వార్తే, కాని అందులో పేరు ఉంది కాబట్టి సులువుగా రాయగలిగారు. పేరు లేని వేలమంది దరఖాస్తుదారుల్లో ఒకే రకం వ్యాపారం చేసే ఇద్దరికి వేర్వేరు జవాబులు ఎందుకు వచ్చాయో తేల్చడం కష్టమైన పని. ఆ లోపాన్ని రాష్ట్ర ప్రభుత్వ పనితీరును తనిఖీ చేసే ఆడిటర్ జనరల్ యూజీన్ డిపాస్‌క్వాలే తన పరిశీలనలో ఎత్తిచూపారు, కొందరికి ముందు ఇచ్చిన జవాబు తర్వాత మారిందని కూడా చెప్పారు. ఆయన గవర్నర్ పార్టీకే చెందినవారు. ఇది ప్రతిపక్షం కట్టిన కథ అని కొట్టిపారేయడానికి వీలులేకుండా చేసిన సంగతి అది, అయినా చాలా కథనాల్లో దానికి తగిన చోటు దక్కలేదని నా అభిప్రాయం.

పని చేసినవారినీ చెప్పుకోవాలి. 2019లో మొదలైన ‘స్పాట్‌లైట్ పీఏ’ అనే లాభాపేక్ష లేని వార్తాసంస్థ ఈ మినహాయింపుల వెంట పడి రాసింది. ఆ కాలంలో కార్యాలయాలు మూసి ఉన్నాయన్న కారణంతో సమాచార హక్కు దరఖాస్తులకు జవాబులు నిలిచిపోగా, విపత్తుకు సంబంధించిన రికార్డులు ఇవ్వక తప్పదని చెప్పే బిల్లును రెండు సభలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. గవర్నర్ సంతకం లేకుండానే అది 2020 జూలైలో చట్టమైంది. మన దగ్గర సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసినవారికి ఆ చట్టం విలువ అర్థమవుతుంది.

మనమూ గర్వపడే స్థితిలో లేము. 2020 మార్చి 31న సుప్రీంకోర్టు, వలస కార్మికుల కేసులో, మీడియా పరిణామాలపై అధికారిక కథనాన్ని ప్రస్తావించి ప్రచురించాలని చెప్పింది. మహమ్మారిపై స్వేచ్ఛగా చర్చించుకోవడంలో జోక్యం చేసుకోబోమని కూడా అదే ఉత్తర్వులో ఉంది. డెస్కుల్లో కూర్చున్నవారికి మాత్రం మొదటి వాక్యమే ఎక్కువగా వినిపించింది. ప్రభుత్వ ప్రకటన వచ్చిన వెంటనే అచ్చువేయడం అలవాటైపోయింది, ‘ఈ నిబంధన ఎలా అమలవుతుంది’ అని కలెక్టర్ కార్యాలయానికి ఫోన్ చేయడం తగ్గిపోయింది. మూతపడిన పరిశ్రమను తిరిగి తెరవడంలో ఉండే ప్రమాదం గురించి 2020 మే 7 తెల్లవారుజాముకు ముందు మన ఊళ్లో ఎన్ని వార్తలు వచ్చాయో గుర్తుచేసుకోండి. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి 12 మంది ప్రాణాలు తీసిన తర్వాతే, వారాల తరబడి ట్యాంకులో నిల్వ ఉన్న రసాయనం సంగతి, దాని ఉష్ణోగ్రత సంగతి మేము రాశాము. మూసివేత వార్త ఉత్తర్వు వచ్చిన రోజుతో అయిపోదని ఆ ఉదయం నాకు తెలిసింది.


జవాబు: కురుపాం మార్కెట్ వ్యాపారి

సబ్‌ఎడిటర్ గారు చెప్పిన పట్టిక మాట నా మనసులోని మాట. మాది మూడు తరాలుగా స్టీలు, ఇత్తడి సామాన్ల వ్యాపారం. మాకు మూసివేత తెచ్చింది కేంద్రం ఉత్తర్వు, విపత్తు నిర్వహణ చట్టం కింద మార్చి 24న వచ్చినది. కాబట్టి పెన్సిల్వేనియాతో మాది నేరుగా పోల్చదగిన సంగతి కాకపోయినా, ఆ అమ్మాయి అక్కగారు అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను. నిత్యావసరాల పేరుతో తెరిచి ఉంచిన సూపర్‌మార్కెట్లో బియ్యం, పప్పుల పక్కన ప్రెషర్ కుక్కర్లు కనిపిస్తుంటే, ఆ కుక్కర్లే అమ్మే నా షాపుకు తాళం ఉండేది.

ఏప్రిల్ 24 రాత్రి హోంశాఖ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. మరునాడు పొద్దున ఫోన్లలోనూ టీవీల్లోనూ ‘దుకాణాలు తెరుచుకోవచ్చు’ అన్న మాటే. అది చూసి నేను ఇద్దరు పనివాళ్లను రమ్మన్నాను. ఉత్తర్వులో మాత్రం పట్టణ పరిధిలో విడిగా ఉన్న దుకాణాలు, వీధుల్లోని దుకాణాలు, నివాస సముదాయాల్లోని దుకాణాలు తెరవవచ్చని, మార్కెట్లలోనూ మార్కెట్ కాంప్లెక్సుల్లోనూ ఉన్నవి తెరవకూడదని ఉంది. కంటైన్‌మెంట్ జోన్లకు అదీ వర్తించదు. కురుపాం మార్కెట్ అంటే పేరులోనే మార్కెట్ ఉంది కదా. వచ్చిన పనివాళ్లు గోపాలపట్నం నుంచి నడిచి వచ్చారు, మళ్లీ నడిచే వెళ్లారు. శీర్షిక రాసినవారు ఇంకొక్క వాక్యం చదివి ఉంటే ఆ ఇద్దరికీ ఎండలో నడక తప్పేది.

మద్యం గురించి కూడా చెప్పాలి. పెన్సిల్వేనియాలో వైన్, ఇతర మద్యం అమ్మే దుకాణాలను ప్రభుత్వమే నడుపుతుందని, వాటిని ఉత్తర్వుకు రెండు రోజుల ముందే, మార్చి 17న మూసేశారని, జనం పక్క రాష్ట్రాలకు కార్లలో వెళ్లారని చదివాను. మన రాష్ట్రంలోనూ అప్పటికి దుకాణాలు ప్రభుత్వానివే. మే 4న తెరిచిన రోజు ధర 25 శాతం పెంచారు, మరునాడు ఇంకో 50 శాతం. ఆ రెండు రోజులూ టీవీల్లో క్యూలే క్యూలు. రెండు దేశాల్లోనూ కెమెరా అక్కడే ఆగిపోయింది. ఆ వారంలోనే బట్టల షాపు, పాత్రల షాపు, చెప్పుల షాపు ఏ రోజు తెరవాలో, అద్దె ఎలా కట్టాలో తెలియక కూర్చున్నవాళ్ల దగ్గరికి ఎవరూ రాలేదు. మేము గుంపుగా కనిపించము కాబట్టి మా కష్టానికి దృశ్యం లేదు.


జవాబు: ఆంధ్ర విశ్వవిద్యాలయం జర్నలిజం పరిశోధకుడు

పెద్దల మాటలకు గౌరవం ఇస్తూనే కొంత విభేదించవలసి ఉంది. మీడియా మీద విమర్శ చేసేటప్పుడు ఆ రోజుల్లో విలేఖరి ముందున్న పనుల బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2020 వసంతంలో పెన్సిల్వేనియాలో కోవిడ్ మరణాల్లో సగానికి మించి వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోనే జరిగాయి. ఆ కేంద్రాల పేర్లు, ఎక్కడ ఎంతమంది పోయారన్న లెక్కలు ప్రభుత్వం నుంచి రాబట్టడానికే స్థానిక పత్రికలు వారాల తరబడి పోరాడాయి. విలేఖరులు కొద్దిమందే ఉన్నప్పుడు దుకాణాల పట్టిక కంటే ఆ మరణాల జాబితాను ముందు పెట్టుకున్నందుకు నేను వారిని తప్పు పట్టలేను. ప్రకటనల ఆదాయం పడిపోయి, సిబ్బందిని వేతనం లేని సెలవు మీద పంపిన పత్రికలే అవి. మూసివేతలో తాము కూడా నష్టపోయినవారు రాస్తున్నారన్న సంగతి మరచిపోకూడదు.

అయితే కోర్టు తీర్పుల వార్తల విషయంలో విమర్శకులతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఎందుకంటే అక్కడ తొందర అనే కారణం చెల్లదు. గవర్నర్‌కు ఆ అధికారం ఉందని ఏప్రిల్ 13న రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. సెప్టెంబర్ 14న పిట్స్‌బర్గ్‌లోని ఫెడరల్ (కేంద్ర) కోర్టు న్యాయమూర్తి విలియం స్టిక్‌మన్, బట్లర్ కౌంటీ తదితరులు వేసిన కేసులో, వ్యాపారాల మూసివేత, ఇంటిపట్టునే ఉండాలన్న ఆదేశం, గుమికూడడంపై పరిమితి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు ఇచ్చారు. అక్టోబర్ 1న అప్పీలు కోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. మరుసటి ఏడాది, ఉత్తర్వులే ముగిసిపోయాయి కనుక విచారించడానికి ఏమీ మిగలలేదని చెప్పి దాన్ని కొట్టివేసింది. ఈ క్రమం మొత్తం తెలిసిన పాఠకుడు ఎవరి పక్షాన ఉన్నా నిలకడగా ఆలోచించగలడు. నేను చదివిన కథనాల్లో ఒక వర్గం న్యాయమూర్తిని నియమించింది ట్రంప్ అన్న వాక్యంతో మొదలుపెట్టి దాదాపు అక్కడే ఆగింది. ఇంకో వర్గం సెప్టెంబర్ తీర్పును పండుగలా జరిపి, అక్టోబర్ ఉత్తర్వును లోపలి పేజీల్లో మూలన పెట్టింది.

ఆ తీర్పు పాఠంలో మీ అక్కగారి ప్రశ్న ఉందని మీకు చెప్పాలి. ప్రాణాధారం అనే మాటకు రాతపూర్వకమైన, స్థిరమైన నిర్వచనం ప్రభుత్వం దగ్గర లేకపోయిందని, గృహోపకరణాలు అమ్మే చిన్న దుకాణం మూతపడగా అవే వస్తువులు అమ్మే భారీ దుకాణాలు తెరిచి ఉన్నాయని న్యాయమూర్తి వివరంగా రాశారు. ఆయన నిర్ణయం నిలవలేదు, దానిని తప్పుపట్టిన న్యాయనిపుణులూ ఉన్నారు. అయినా సాక్ష్యం విని నమోదు చేసిన ఆ భాగం ఏ విలేఖరికైనా చేతికి అందివచ్చిన సరుకు. నియమించినవారి పేరు దగ్గరే ఆగిపోయిన పాఠకుడికి అది ఎప్పటికీ చేరదు.

2021 మే 18న అక్కడి ఓటర్లు, గవర్నర్ ప్రకటించే విపత్తు కాలాన్ని చట్టసభ అనుమతి లేకుండా 21 రోజులకు మించనీయకుండా రాజ్యాంగాన్ని సవరించారు. దాన్ని పార్టీల గెలుపోటములుగా రాసినవారే ఎక్కువ. షట్టరు వెనుక కూర్చున్నవారు ఆ ఓటులో ఏం చెప్పారో అడిగినవారు తక్కువ.


జవాబు: విశ్రాంత సబ్‌ఎడిటర్, సీతమ్మధార

బాబూ, వృద్ధుల కేంద్రాల విషయంలో నువ్వు చెప్పినది సబబు. ఆ పని పక్కనపెట్టి పట్టిక ముందు కూర్చోమని నేను అనను. కాని నిరసన దగ్గరికి వెళ్లిన మనిషి, మా పాఠకురాలి అక్కగారి దగ్గర నలభై నిమిషాలు ఉన్న మనిషి కూడా ఆ కొద్దిమందిలోనివారే కదా. మనిషిని పంపలేకపోవడం వేరు. పంపి, సరుకు తెచ్చుకుని, దాన్ని డెస్కులో పారేయడం వేరు. రెండోదానికి సిబ్బంది కొరతను కారణంగా చెప్పడం నాకు సమ్మతం కాదు.


ఎంవీపీ కాలనీ పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. పరిశోధకులు చెప్పిన తీర్పు భాగాన్ని రాత్రి మా అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘నేను ఇదే చెప్పాను కదే’ అంది. దాన్ని రాసింది ఏ పార్టీ నియమించిన న్యాయమూర్తి అన్నది ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత అది కూడా తెలియాలి కదా అనిపించి, అక్టోబర్‌లో అప్పీలు కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో సహా ఈ రోజు పొద్దున మొత్తం చెప్పాను.

ఇన్నేళ్ల తర్వాత ఆ ఛానల్‌కు రాస్తే ప్రయోజనం ఉంటుందా అని ఆమె అడుగుతోంది. దరఖాస్తు నకలు ఆమె దగ్గర ఇప్పటికీ ఉంది. ఏమి రాయాలో సబ్‌ఎడిటర్ గారు చెప్పగలరా?


జవాబు: విశ్రాంత సబ్‌ఎడిటర్, సీతమ్మధార

రాయమనండి. సవరణ వేయమని అడగవద్దు, ఇంత ఆలస్యంగా వేయరు. ఆ రోజు రికార్డు చేసిన పూర్తి సంభాషణ వాళ్ల దగ్గర ఉంటే ఒక నకలు ఇవ్వమని అడగండి. ప్రసారమైన తేదీ, సమయం రాయండి. ఆమె అన్న మాటల్లో ఏది తీసుకున్నారో, ఏది వదిలేశారో ఒక పేజీకి మించకుండా చెప్పండి, వదిలేసిన మాటే ముందు రావాలి. కోపం చూపించే విశేషణాలు వద్దు, అవి ఉంటే డెస్కులో ఉత్తరం పక్కకు పోతుంది. మార్చి 19 పట్టికను జతచేసి, బట్టల దుకాణాల వరుస ఎదుట ఉన్న ‘కాదు’ కింద గీత గీయండి. చిత్తుప్రతి తెలుగులో రాసి ఇక్కడ పెడితే నేను చూసి పెడతాను. ఇంగ్లీషులోకి ఆమే మార్చుకోవచ్చు.